హద్దు దాటితే డీజిల్ ఎందుకు తక్కువ? ఒక పాత కథ

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి వచ్చే బండ్ల నంబర్లు చూసినారా అన్నా? సిరుగుప్ప, రాయచూరు, బళ్లారి నుంచి ఎన్ని కేఏ బండ్లో. దేవుడు ఒకడే, జొన్నరొట్టె ఒకటే. కానీ వాళ్లు మన పక్క బంకులో ట్యాంకు నింపరు. మన లారీలే అటు పోయి నింపుకొస్తాయి.

ఈ రెండు రేట్ల బతుకు మనకు కొత్త కాదు. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చేసినాడు. ఆదోని అట్ల చేతులు మారింది. తుంగభద్ర అవతల రాయచూరు మాత్రం నిజాం కిందనే ఉండిపోయింది. సరుకు ఏరు దాటితే నిజాం కరోడ్‌గిరి వాళ్లకు నూటికి 5 సుంకం కట్టాల్సిందే.

సిరుగుప్ప సంగతి వేరే. అదీ మనమూ ఒకే బళ్లారి జిల్లా, ఒకే మద్రాసు రాజ్యం. 1939లో రాజాజీ అమ్మకం పన్ను పెట్టినప్పుడు ఇద్దరికీ ఒకటే రేటు. మద్యనిషేధంతో పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి తెచ్చిన పన్ను అది. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చినాయి, సిరుగుప్ప మైసూరుకు పోయింది. చేను కదల్లేదు, రేటు మాత్రం రెండయింది.

తర్వాత రాష్ట్రాలు పోటీ పడినాయి. ఒకరు పన్ను తగ్గిస్తే వ్యాపారం అటు పోతుంది, పక్కోడు కూడా తగ్గిస్తాడు, చివరికి ఇద్దరి ఖజానాకూ బొక్కే. గోదావరి జిల్లాల వాళ్లను అడగండి, యానాం పెట్రోలు కథ చెప్తారు. విసిగిపోయి 1999 నవంబర్‌లో ముఖ్యమంత్రులంతా ఢిల్లీలో కూర్చుని, ఇంతకంటే కిందికి పోవద్దని కనీస రేట్లు ఒప్పుకున్నారు. 2000 జనవరి 1 నుంచి అమలు. 2005లో వ్యాట్, 2017లో జీఎస్టీ. పత్తికి, ఎరువుకు రెండు పక్కలా ఒకటే రేటు వచ్చింది.

డీజిల్ మాత్రం బయటే ఉండిపోయింది. 2021 సెప్టెంబర్‌లో లక్నో జీఎస్టీ కౌన్సిల్లో దాన్ని లోపలికి తేవద్దని రాష్ట్రాలే అన్నాయి. చేతిలో మిగిలిన పన్నులు అవే కదా, ఆ భయం అర్థమవుతుంది. రెండు నెలలకే కేంద్రం ఎక్సైజ్ తగ్గించింది, కర్ణాటక తన పక్క నుంచి ఇంకో 7 రూపాయలు తగ్గించింది. మనోళ్లు 22.25 శాతం వ్యాట్, లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి అట్లనే ఉంచినారు. తేడా పది రూపాయలు దాటింది.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. 2024 జూన్‌లో కర్ణాటక వ్యాట్‌ను 18.44 శాతానికి, 2025 ఏప్రిల్‌లో 21.17 శాతానికి పెంచింది. అయినా మనకంటే తక్కువే! పక్కోడి కంటే కొంచెం కింద ఉంటే చాలు, లారీలు వస్తాయి. మన రేటు పైన ఉన్నంతకాలం వాళ్లు పెంచుకునే జాగా మనమే ఇచ్చినట్టు. పోటీ అంటే ధర తగ్గుతుందనుకుంటాం, ఇక్కడ పక్కోడి పన్ను మన పన్ను చాటున పెరుగుతోంది.

లారీ ఓనరు తప్పించుకుంటాడు, ట్యాంకు పెద్దది, దారి అటే. రెండెకరాల పత్తి చేనుకు ట్రాక్టర్ బాడుగకు పిలిచే రైతు సిరుగుప్ప పోయి నింపుకొస్తాడా? గంట బాడుగలో మన బంకు రేటే పడుతుంది.