వావిలాకు, నిశిందా: ఖరగ్‌పూరు తెలుగువారి నొప్పుల కథ

ఖరగ్‌పూరు రైలుకు పుట్టిన ఊరు. అంతకు ముందు అచ్చట చెప్పుకొనదగిన పట్టణము లేదు. ఎర్రమట్టి నేలయు, సాలవృక్షముల అడవియు ఉండెడివి. 1887లో ఏర్పడిన బెంగాలు–నాగపూరు రైల్వే కంపెనీ 1898, 1900 సంవత్సరముల నడుమ తన మార్గములను ఇచ్చట కలిపినది. ఒకటి పడమట సీనీ వైపు, ఒకటి దక్షిణమున కటకము వైపు, మరియొకటి రూపనారాయణ నదిని దాటి కలకత్తా వైపు సాగినవి. తరువాత కొలది యేండ్లలోనే పెద్ద వర్కుషాపు వెలసినది. ఈ స్టేషను ప్లాట్‌ఫారము 1072 మీటర్ల నిడివితో చాలకాలము ప్రపంచములోకెల్ల పొడవైనదిగా పాఠ్యపుస్తకములలో నిలిచినది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. ఆ కొలతను బడిపిల్లలందరు కంఠస్థము చేసినారు. ఆ ప్లాట్‌ఫారము మీద మూటలతో దిగినవారెవరో ఏ పాఠములోను చెప్పలేదు.

దిగినవారిలో తెలుగువారు చాలమంది. దానికి కారణము కంపెనీ లెక్కలలో ఉన్నది. 1893, 1896ల నడుమ బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీర ప్రభుత్వ రైల్వే నిర్మింపబడినది. 1902లో ఆ మార్గపు ఉత్తరభాగము, వాల్తేరు మొదలు కటకము వరకు, బెంగాలు–నాగపూరు కంపెనీ చేతికి వచ్చినది. దానితో వాల్తేరును, ఖరగ్‌పూరును ఒకే జీతపు పుస్తకములోనికి చేరినవి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల రైతుకూలీకి వానలు తప్పిన యేడు రెండు దారులు ఉండెడివి. ఒకటి ఓడ ఎక్కి రంగూను పోవుట. రెండవది రైలు ఎక్కి ఖరగ్‌పూరు పోవుట. ఓడ ఎక్కినవానిని మనము ప్రవాసి అన్నాము. వానికి ‘కోరంగి’ అను పేరు కూడ పెట్టినారు. రైలెక్కినవానికి ఏ పేరును లేదు. వాడు ఉద్యోగమునకు పోయినాడు, అంతే.

నేడు ఆ మనిషిని గూర్చి పరిశోధించదలచినవాడు విశ్వవిద్యాలయమున మూడు గదులు తిరుగవలెను. అతని కండరముల నొప్పిని ఒక శాఖవారు చూతురు. ఆ నొప్పికి అతడు కట్టుకొన్న ఆకును వేరొక శాఖవారు చూతురు. ఊరు విడిచిన మనిషి కథ సాహిత్యశాఖలో ‘ప్రవాస కథాసాహిత్యము’ అను పేర చదువబడును. ఒక గదిలోనివారు మరియొక గదిలోనికి తొంగిచూచుట తక్కువ. కాని నిమ్‌పురాలోనో, మథురాకాటిలోనో ఒక రైల్వే క్వార్టరులో ఈ మూడును ఒకే పొయ్యి చుట్టు ఉండెడివి. నేను చెప్పదలచినది ఆ పొయ్యిని గూర్చియే.

మొదట పని. పట్టాల మీద గ్యాంగులో పనిచేయువాడు బీటరుతో కంకరను స్లీపర్ల క్రిందికి కొట్టి దట్టింపవలెను. నడుము వంచి, మోకాళ్లు సడలించి, రెట్టలతో ఎత్తి వేయు దెబ్బ అది. రోజునకు అట్టి దెబ్బలెన్నో లెక్కించినవారు లేరు. వర్కుషాపులో కొలిమి పని, బాయిలరు పని; వేడిలో బరువెత్తుట. ఇంటికి వచ్చిన మనిషి ‘నొప్పి’ అని ఊరకొనడు. పిక్కలు పీకుచున్నవి, రెట్టలు లాగుచున్నవి, నడుము పట్టినది, మెడ గుంజుచున్నది, కీలు సలుపుచున్నది, ప్రక్కలో పోటు వచ్చినది అనును. ఒళ్లంతయు తీపులనును. ఇవి పర్యాయపదములు కావు. ఏ మాటకు ఏ కాపడమో, ఏ ఆకో ఇంటి ఆడువారికి తెలియును.

శాస్త్రము ఈ భేదములను ఆలస్యముగా గుర్తించినది. వాల్తేరు మార్గము చేతులు మారిన ఆ 1902లోనే అమెరికాలో థియొడోర్ హఫ్ అను శాస్త్రజ్ఞుడు అలవాటు లేని పని చేసిన కండరమున రెండు విధములైన నొప్పి పుట్టునని వ్రాసినాడు. పనిలోనే వచ్చి త్వరగా పోవునది ఒకటి. కొన్ని గంటలు గడచిన తరువాత, మరునాటికి ముదురునది ఒకటి. రెండవదానికి కారణము కండరమున ఏర్పడు సూక్ష్మమైన చీలికలని అతడు ఊహించినాడు. అయినను ఆ తరువాత చాలకాలము లోకము ఆ నొప్పినంతను ల్యాక్టికామ్లము నెత్తిన వేసినది. పని ముగిసిన గంట రెండు గంటలలో ఆ ఆమ్లము రక్తము నుండి తొలగిపోవును. మరునాటి నొప్పిని అది తెచ్చుట పొసగదు. నేటి శాస్త్రము హఫ్ మాటకే దగ్గరగా ఉన్నది. సాగుచు బరువును ఆపు కండరమే ఎక్కువగా దెబ్బతినునని కూడ తేలినది. ఎత్తిన బీటరును అదుపు తప్పకుండ దించు చేతిని చూచినచో ఈ మాట సులభముగా బోధపడును.

కండరమును గూర్చిన ఈ శాస్త్రములో ఒక తెలుగువాని పాత్ర పెద్దది. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించినాడు. మూలికల మీద అతనికి ఆసక్తి కలిగినది అచ్చటనే. తరువాత బోస్టను చేరి, బ్రదుకు తెరువునకై ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరి చేయుచు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన సాగించినాడు. కండరము పనిచేయునపుడు విరిగి, విశ్రమించునపుడు మరల కూడుకొను ఫాస్ఫోక్రియేటిను అను పదార్థమును వారిరువురు 1927లో ప్రకటించినారు. 1929లో ఏటీపీని గూర్చి వ్రాసినారు. ఆ యేడే జర్మనీలో కార్ల్ లోహ్‌మన్ కూడ దానిని వేరుగా కనుగొన్నాడు. సుబ్బారావు మరల స్వదేశమునకు రాలేదు. 1948లో న్యూయార్కులో కన్నుమూసినాడు.

ఆ 1927వ సంవత్సరమే ఖరగ్‌పూరు వర్కుషాపులో సమ్మె జరిగినది. ఆ యేటి చివరి నెలలలో, పనివారి తొలగింపు వివాదమున, కంపెనీ వర్కుషాపునకు తాళములు వేసినది. ఆ కాలపు బెంగాలు–నాగపూరు కార్మికుల పోరాటములతో బరంపురమున పుట్టిన వరాహగిరి వేంకటగిరి పేరు ముడిపడి ఉన్నది. ఆయనే పిమ్మట 1969లో రాష్ట్రపతి అయినారు. బోస్టనులో ఒక తెలుగువాడు కండరపు శక్తి ఎచ్చట దాగియున్నదో వెదకుచుండగా, ఖరగ్‌పూరులో వేలాది కార్మికులు, వారిలో తెలుగువారును, తమ కండరముల వెల ఎంతయో అడుగుచుండిరి. ఒకరి సంగతి ఒకరికి తెలిసియుండదు. సంవత్సరములు కలిసినంత మాత్రమున చరిత్ర కలియదని నాకును తెలియును. అయినను ఈ రెండు సంగతులను ఒకే పుటలో చూచుకొనుటకు మనసు కోరుచున్నది.

ఇక మూలికలు. క్వార్టరు వెనుక కంచె ప్రక్కన పెరిగిన వావిలి వీనిలో మొదటిది. ఆకులు నీటిలో మరగించి కాపడము పెట్టుదురు. బాలింతకు ఆ నీటితోనే స్నానము చేయింతురు. సంస్కృతమున నిర్గుండి, హిందీలో సంభాలూ, వంగభాషలో నిశిందా. విరిగిన ఎముకకు, బెణుకునకు నల్లేరు. హిందీవారు దానిని హడ్‌జోడ్ అందురు, అనగా ఎముకలనతుకునది. ఆ పేరే వైద్యము చెప్పును. వెచ్చజేసిన ఆముదపుటాకు, జిల్లేడాకు, శొంఠి పట్టు మొదలైనవి సరేసరి. జిల్లేడు పాలు కంటబడినచో ప్రమాదమని పిల్లలను దూరముగా ఉంచుటయు ఆ విద్యలోని భాగమే.

ఇవియన్నియు మూఢనమ్మకములని త్రోసివేసిన కాలమొకటి, వేదవాక్యములని నెత్తికెత్తుకొన్న కాలమొకటి గడచినవి. రెండును నాకు సమ్మతములు కావు. కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయమున రామనాథ చోప్రా దేశీయౌషధములను వరుసగా పరీక్షించి 1933లో పెద్ద గ్రంథము ప్రకటించినారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున కె. ఎన్. ఉడుప, జి. సి. ప్రసాద్ నల్లేరు వలన విరిగిన ఎముక అతుకుకొను తీరును జంతువులలో పరిశీలించి 1964లో ఫలితములు వెల్లడించినారు. వావిలాకు రసమునకు నొప్పిని, వాపును తగ్గించు గుణమున్నట్లు ఎలుకలపై జరిగిన పరీక్షలు చూపినవి. మనుష్యులపై పెద్ద పరీక్షలు అంతగా లేవు. కనుక శాస్త్రము ‘అవును’ అనుటకు ఇంకను జంకుచున్నది, జంకుట న్యాయమే. కాని పరీక్షకు పోవు ఆకు ఏ నొప్పికి కట్టబడినదో ముందుగా తెలియవలెను గదా. ఆ సంగతి ఆకు కట్టినవారి మాటలో ఉన్నది.

కొంతకాలము క్రిందట ఖరగ్‌పూరులో ఎనుబది దాటిన ఒక వృద్ధురాలిని చూచినాను. భర్త గ్యాంగులో పనిచేసి గతించినాడు. భుజము పట్టి బాధపడుచుండగా మనుమడు వైద్యుని కడకు తీసికొనిపోవుచు నన్నును వెంట రమ్మన్నాడు. వైద్యుడు ఓపికగలవాడు. నొప్పి ఎట్లున్నదని హిందీలో అడిగినాడు. ఆమె, “నొప్పి కాదు బాబూ, సలుపు. రాత్రయితే మరీని. మొన్నటిదాకా పీకుడుండేది, అది వేరు” అన్నది. మనుమడు, “దర్ద్ హై” అన్నాడు. వైద్యుడు ఆ ఒక్క మాట వ్రాసికొన్నాడు.

ముప్పది యేండ్లుగా రెండు భాషల నడుమ బ్రదుకుచున్న నేను ఆ అబ్బాయిని తప్పుపట్టుటకు సిగ్గుపడినాను. సలుపునకు ‘టీస్’ అందునా? టీస్ మెరుపు వలె వచ్చిపోవును. సలుపు నిలిచి కొట్టుకొనును. తీపులకు ‘బదన్ టూట్‌నా’ కొంత సరిపడును. కాని హిందీవాని ఒళ్లు విరుగుట బాధ. తెలుగువాడు ఒళ్లు విరుచుకొనుట నిద్ర లేచిన సుఖము. ఒకమారు నేనే వేరొక అనువాదమున ఈ గోతిలో పడి, అచ్చయిన పిమ్మట చూచుకొని నాలుక కరచుకొన్నాను. మాంట్రియాలులో రోనాల్డ్ మెల్‌జాక్ 1975లో నొప్పిని కొలుచుటకు ఒక ప్రశ్నావళి ప్రకటించినాడు. అందులో యంత్రమేదియు లేదు. 20 వర్గములుగా కూర్చిన 78 మాటలున్నవి. రోగి తన నొప్పికి తగిన మాటలను ఏరుకొనవలెను. నొప్పిని కొలుచుటకు భాష తప్ప వేరు కొలబద్ద లేదని వైద్యశాస్త్రమే ఒప్పుకొన్నదన్నమాట. ఆ కొలబద్దను ఆ వృద్ధురాలు తన ఊరి నుండి తెచ్చుకొన్నది. మూడవ తరమునకు వచ్చుసరికి దాని మీది గీతలు చెరిగిపోయినవి.

కథాసాహిత్యము ఈ లోటును తీర్చవలెను. మారిషస్‌లో అభిమన్యు అనత్ హిందీలో ‘లాల్ పసీనా’ అను నవలను 1977లో ప్రకటించి, చెరకు తోటల కూలీల ఒడళ్ల కష్టమును గ్రంథమునకెక్కించినాడు. ఝుంపా లాహిరి 2003లో ప్రకటించిన ‘ది నేమ్‌సేక్’ అమెరికా ప్రవాసుల కథయని అందరును చదువుదురు. ఆ కథకు మూలమెచ్చట? 1961లో హౌరా నుండి జమ్‌షెడ్‌పూరు వైపు పోవు రైలు ఘాట్‌శిల సమీపమున పట్టాలు తప్పుట, అశోక్ అను యువకుడు ఎముకలు విరిగి యేడాది కాలము వెల్లకిల పడియుండుట. ఆ పడకలోనే అతనికి దేశము విడువవలెనను కోరిక పుట్టినది. ఆ మార్గము ఖరగ్‌పూరు మీదుగా పోవునదే. నవల కల్పితము, ప్రమాదమును కల్పితమే. పట్టాలు మాత్రము నిజమైనవి. వాని క్రింద కంకర దట్టించిన చేతులలో తెలుగు చేతులును ఉన్నవి. ప్రవాసము పేర ఈ నవలను చదువువారు ఆ చేతులను కూడ ప్రవాసుల చేతులుగా ఎంచినచో నాకు సంతోషము.

ఖరగ్‌పూరులో అందుకు అవకాశము లేకపోలేదు. ఊరి అంచున ఉన్న హిజ్లీ నిర్బంధశిబిరమున 1931 సెప్టెంబరు 16న కాల్పులు జరిగి ఇరువురు రాజకీయ ఖైదీలు మరణించినారు. ఆ భవనములోనే 1951లో దేశపు మొదటి ఐఐటీ ప్రారంభమైనది. అచ్చట సాహిత్యము బోధించు శాఖయు ఉన్నది, 2001లో ఏర్పడిన వైద్యశాస్త్ర సాంకేతిక విభాగమును ఉన్నది. రైల్వే కాలనీలు అచ్చటికి కొలది మైళ్లే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాష హోదా నిచ్చుటకు ఆమోదించినది. అర్జీలు తెలుగులో వ్రాయుటకు అది ఉపకరించును. సలుపును, పీకుడును వేరు చేసి వ్రాసికొనుటకు వేరే పూనిక కావలెను. ఆ మాటలు నిత్యము వాడువారు బ్రదికియుండగనే కావలెను.

వైద్యుని వద్దనుండి వచ్చిన సాయంకాలము వృద్ధురాలు మందుబిళ్ల వేసికొన్నది. వావిలాకు కాపడమును పెట్టుకొన్నది. ఈ దేశమున ఆ మొక్క ఎట్లు దొరికినదని అడిగినాను. “మా అత్త కొత్తగా వచ్చినప్పుడు కాలవ గట్టున చూసిందట బాబూ. ఆకు నలిపి వాసన చూసి, మన వావిలే అన్నాదట. పక్కింటి బెంగాలీ ఆవిడ, కాదు నిశిందా అన్నాదట. ఇద్దరూ చెరో కొమ్మా విరుచుకొచ్చుకున్నారట” అన్నది.

మనుమడు ఈ సంగతి ఎన్నడును వినలేదట. రెండు పేర్లను తన ఫోనులో వంగలిపిలో వ్రాసికొన్నాడు. తెలుగు వ్రాయుట అతనికి రాదు. ఆ లిపిలో వకారమునకు, బకారమునకు ఒకటే అక్షరము. వ్రాసినదానిని పైకి చదివినాడు: బాబిలి. ఆమె, “వావిలి” అన్నది. అతడు మరల చదివినాడు.