కాలువ నీళ్ళకు తీరువా ఉంది



డిసెంబరు వచ్చింది. నర్సరీల్లో చామంతి, బంతి కుండీలు వరసలు కట్టాయి. ఈ పచ్చదనమంతా ఎవరి చలవ అని అడిగితే మన పెద్దలు ఒకటే మాట అంటారు, కాటన్ దొర పెట్టిన భిక్ష అని. క్రిస్మస్ ముందు ఆ మాటను కొంచెం తిప్పి చూద్దాం.

గోదావరి పక్కనే పారుతున్నా ఒకప్పుడు ఈ సీమ ఆకలికి అలవాటుపడిన సీమే. 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు వైపు మరీ ఘోరం. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచేసింది. నదిని పరిశీలించిన ఆర్థర్ కాటన్ 1844లో ఆనకట్ట కట్టాలని నివేదిక ఇచ్చాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, లంకల్ని కలుపుకుంటూ, మూడున్నర కిలోమీటర్లకు పైగా కట్టారు. దొర పక్కన నిలబడి పని నడిపించినవాడు వీణెం వీరన్న. రాళ్ళు మోసినవాళ్ళు, మట్టి తట్టలెత్తినవాళ్ళు వేలమంది. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

నీళ్ళొచ్చాయి, కరువు పోయింది. దేవునికి స్తోత్రం. అయితే నిజం చెప్పుకోవాలి. నీళ్ళు పారింది పొలం ఉన్నవాడి చేలోకి. ఆ నీటికి సర్కారు తీరువా కట్టించుకుంది. కాలువ తవ్విన కూలివాడు మాత్రం అదే కాలువ గట్టు మీద గుడిసె వేసుకుని, ఎవరి చేలోనో నాట్లు వేశాడు. మనలో చాలామంది తాతలు వాళ్ళే.

ఆనకట్టకు పదేళ్ళకు పైగా ముందే, 1836లో, ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇద్దరు డెవన్ సీమవాళ్ళు ఈ దేశం వచ్చారు. విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. నెల జీతమిచ్చే మిషను వాళ్ళ వెనక లేదు. నరసాపురం, పాలకొల్లుల్లో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని సువార్త చెప్పారు. చెప్పులు కుట్టేవాణ్ణి ఊరి చివర ఉంచిన దేశానికి దేవుడు చెప్పులు కుట్టేవాడితో కబురంపాడు! మేము ఈ సంగతి చదివిన రోజు చాలాసేపు మాట్లాడలేకపోయాం. బేత్లెహేము వార్త కూడా మొదట అందింది రాత్రిపూట మందలు కాసే కూలివాళ్ళకే కదా. వాళ్ళకు పొలం లేదు. తీరువా ఎవరూ అడగలేదు.

రెండవ కొరింథీయులు 8:9 మనకు బాగా తెలుసు. ఐశ్వర్యవంతుడైన ప్రభువు మన కోసం దరిద్రుడయ్యాడని పౌలు అక్కడే చెప్పాడు. మేము ఇన్నేళ్ళూ గమనించనిది ఒకటుంది: పౌలు ఆ మాట రాసింది చందా గురించి. యెరూషలేములోని బీదల కోసం పోగుచేస్తూ, ఎవరెంత ఇచ్చారో పట్టిక చదవకుండా, క్రీస్తు ఏమిచ్చాడో గుర్తుచేశాడు.

మేము పట్టిక చదివాం. పోయిన క్రిస్మస్‌కు ప్రేమ విందు చందాలు పేరుపేరునా, రూపాయలతో సహా, మైకులో చదివి వినిపించాం. నర్సరీ కూలికి వెళ్ళే ఒక అమ్మ ఆ రోజు ఆరాధనకు రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. సంక్రాంతి వెళ్ళాక ఇంటికి వెళ్తే చెప్పింది: "ఇరవై రూపాయలే ఇయ్యగలిగానయ్యగారూ. నా పేరు కూడా చదువుతారేమోనని రాలేదు." క్షమించమని అడిగాం. ఆవిడ టీ పెట్టి ఇచ్చింది.

ఈ యేడు పట్టిక లేదు. మొన్న కమిటీలో పెద్దలు అడిగారు, "అలాగైతే చందాలు తగ్గవా అయ్యగారూ?" అని. తగ్గవచ్చు. తగ్గితే విందులో ఒక కూర తగ్గిద్దాం. పెట్టె గుమ్మం దగ్గర ఉంటుంది, వేసేవాళ్ళు వెయ్యండి. వెయ్యలేనివాళ్ళు ముందు వరసలో కూర్చోండి. ఆ అమ్మ చామంతి కుండీలు తెస్తానంది, బల్ల పక్కన చోటు ఉంచాం.