పల్లె కాలేజీయా, పట్నం కాలేజీయా?

పోయిన వసంతంలో మా ఇంట్లో నెల రోజులపాటు ఒకటే చర్చ. మా అమ్మాయికి రెండు మెడికల్ కాలేజీలలో సీటు వచ్చింది. ఒకటి పెద్ద నగరంలో ఉంది. పేరు చెబితే మన పార్టీలలో అందరూ "అబ్బో" అనే కాలేజీ. రెండోది చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్ళో, రాష్ట్ర విశ్వవిద్యాలయం పెట్టిన శాఖ. అక్కడ తరగతికి ఇరవై మంది కూడా ఉండరు. అమ్మాయి మనసు ఆ రెండో దాని మీద ఉంది.

మా శ్రీమతి ససేమిరా అంది. అమలాపురం నుంచి అమ్మ ఫోన్‌లో, "ఒరేయ్, మనం పల్లెటూరు వదిలి అంత దూరం వెళ్ళింది, మళ్ళీ పల్లెటూళ్ళో చదవడానికా?" అని నిలదీసింది. శనివారం భోజనాలకు కలిసిన మిత్రులు తలా ఒక సలహా ఇచ్చారు. ర్యాంకింగుల పట్టికలు ముందేసుకుని కూర్చున్నా నాకు జవాబు దొరకలేదు. చివరికి, అసలు ఈ పల్లె, పట్నం అనే తేడా వైద్యవిద్యలోకి ఎలా వచ్చిందో చూద్దామని పాత చరిత్ర తిరగేశాను. అక్కడ కొంత జవాబు దొరికింది. కొంత సిగ్గు కూడా కలిగింది. ఆ రెండూ మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

మన ఊళ్ళలో మెడికల్ కాలేజీలు

ముందు మన సంగతి. హైదరాబాదులో నిజాం కాలంలో, 1846లోనే మెడికల్ స్కూలు మొదలైంది. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. అదే తరువాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. కోస్తా జిల్లాల పిల్లలు మాత్రం డాక్టరు చదువుకు చాలాకాలం మద్రాసు రైలెక్కవలసిందే. 1923లో విశాఖపట్నంలో కాలేజీ వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. 1946లో గుంటూరు, 1954లో హైదరాబాదులో గాంధీ, ఆ దశాబ్దం నడుమ కర్నూలు, 1958లో కాకినాడ, 1959లో వరంగల్లు, 1960లో తిరుపతి కాలేజీలు వెలిశాయి. కాకినాడ రంగరాయ కాలేజీ దాతల విరాళాలతో మొదలై, తరువాత ప్రభుత్వపరమైంది.

ఈ వరస చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మొదట రాజధానిలో, పెద్ద రేవు పట్టణంలో పుట్టిన వైద్యవిద్య తరువాత జిల్లా పట్టణాలకు నడిచి వచ్చింది. అవి పల్లెలు కావు. కానీ పల్లె జనం బస్సెక్కి పొద్దున్నే వచ్చి, సాయంత్రానికి ఇంటికి చేరగల ఊళ్ళు.

1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు ఆయా విశ్వవిద్యాలయ ప్రాంతాల పిల్లలకే. తెలంగాణ పిల్లలకు ఎంపిక అంటే ఉస్మానియా, గాంధీ, లేదా వరంగల్లు కాకతీయ. రాయలసీమ, నెల్లూరు వాళ్ళకు కర్నూలు, తిరుపతి. మా కోస్తా వాళ్ళకు విశాఖ, గుంటూరు, కాకినాడ. 1995లో ఎంసెట్ రాసి విజయవాడ కౌన్సెలింగుకు వెళ్ళినప్పుడు నాకు విశాఖలోనూ, కాకినాడలోనూ సీటు ఉంది. మావయ్య "వైజాగంటే వైజాగే" అన్నారు. నాన్నగారు "కాకినాడైతే ఆదివారం ఇంటికొచ్చి అన్నం తిని వెళ్తాడు" అన్నారు. అన్నమే గెలిచింది! అంత పెద్ద నిర్ణయం అంత చిన్న కారణంతో జరిగిపోయింది.

కానీ ఆ పెద్దాసుపత్రిలో నాకు దొరికింది చిన్నది కాదు. కోనసీమ నుంచి పాముకాటు కేసులు, ఏజెన్సీ నుంచి మలేరియా జ్వరాలు, ఉప్పాడ వైపు నుంచి చేపలు పట్టేవాళ్ళు. రోగి ఏ ఊరి నుంచి వచ్చాడో, ఎన్ని బస్సులు మారాడో, మందులకు డబ్బు ఎక్కడ అప్పు తెచ్చాడో మాకు తెలిసేది. ఆ తెలివి పుస్తకంలో లేదు.

ఫ్లెక్స్‌నర్ గారి నివేదిక

ఇక అమెరికా. ఇక్కడి వైద్యవిద్య రూపురేఖలు మార్చిన మనిషి అసలు డాక్టరే కాదు. కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో బడి నడిపిన ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఉపాధ్యాయుడు. కార్నెగీ ఫౌండేషన్ తరఫున ఆయన అమెరికా, కెనడాలలోని 155 మెడికల్ కాలేజీలు స్వయంగా చూసి, 1910లో నివేదిక ఇచ్చారు. లేబొరేటరీ లేనివి, ఆసుపత్రి లేనివి, ఫీజులు దండుకోవడానికే పెట్టినవి చాలా కనిపించాయి. 1893లో మొదలైన జాన్స్ హాప్‌కిన్స్ మెడికల్ స్కూలు ఆయనకు ఆదర్శం. అమెరికాకు 31 మంచి కాలేజీలుంటే చాలునన్నారు.

మూతపడినవన్నీ పల్లె కాలేజీలు కావు. షికాగో కాలేజీలనే ఆయన ఘాటుగా విమర్శించారు. పల్లెలకు చవకబారు డాక్టర్లు చాలునన్న వాదననూ ఆయన ఒప్పుకోలేదు. అది న్యాయమైన మాటే. కానీ ఆ తరువాత జరిగింది వేరు. మంచి కాలేజీ అంటే పరిశోధనశాల, పెద్ద ఆసుపత్రి, పూర్తికాలపు ప్రొఫెసర్లు. ఇవన్నీ డబ్బున్న నగరాలలోనే సాధ్యం. దాంతో వైద్యవిద్య నగరంలో పాతుకుపోయింది. అప్పుడున్న ఏడు నల్లజాతి కాలేజీలలో అయిదు కొన్నేళ్ళలోనే మూతపడి, హోవర్డ్, మెహారీ మాత్రమే మిగిలాయి. బీదవాడికీ, పల్లెవాడికీ డాక్టరు చదువు మరింత దూరమైంది. చదువు ప్రమాణం పెరిగింది. చదివినవాడు మాత్రం పల్లెకు తిరిగి రాలేదు.

భోర్ కమిటీ

దాదాపు ఇదే కథ మన దేశంలోనూ నడిచింది. మా తాతగారి కాలంలో ఊళ్ళలో ఎల్.ఎం.పి. డాక్టర్లుండేవారు. ఎం.బి.బి.ఎస్. కన్నా తక్కువ కాలంలో చదువు ముగించి, పట్టణాలలో, పల్లెలలో వైద్యం చేసేవారు. 1943లో నియమించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇస్తూ, ఇకపై దేశానికి ఒకే రకం డాక్టరుండాలని, ఆ తక్కువ కోర్సు తీసేయాలని చెప్పింది. పల్లెలకు డాక్టర్లు చాలరు కనుక ఆ కోర్సు ఉంచాలని కమిటీలోనే కొందరు సభ్యులు వాదించారు. వారి మాట చెల్లలేదు.

భోర్ కమిటీ పల్లెలను మరిచిపోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే ఆలోచన ఇచ్చింది వాళ్ళే. 10 నుంచి 20 వేల మందికి ఒక 75 పడకల ఆసుపత్రి ఉండాలని కలగన్నారు. 1952 నుంచి ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. 75 పడకలు రాలేదు. అందులో ఉండవలసిన డాక్టరు ఎం.బి.బి.ఎస్. చేతికి రాగానే పి.జి.కో, విమానాశ్రయానికో బయలుదేరాడు. నేను రెండోదానికి బయలుదేరినవాణ్ణి.

మళ్ళీ పల్లె వైపు

ఈ లోటు రెండు దేశాలవాళ్ళూ దాదాపు ఒకే సమయంలో గుర్తించడం నాకు ఆశ్చర్యం కలిగించింది. గాంధీగారి శతజయంతి ఏడాది 1969లో, డాక్టర్ సుశీలా నయ్యర్ పూనికతో సేవాగ్రాంలో మెడికల్ కాలేజీ మొదలైంది. హైదరాబాదు నుంచి రైల్లో ఢిల్లీ వెళ్ళిన మనవాళ్ళందరూ ఆ స్టేషన్ దాటే ఉంటారు. అక్కడ ప్రతి బ్యాచీ ఒక పల్లెను దత్తు తీసుకుని, ఆ ఇళ్ళ వాళ్ళ ఆరోగ్యం చూస్తూ చదువుకుంటుంది.

ఇక్కడ 1971లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, సొంత మెడికల్ కాలేజీలు లేని అలాస్కా, మోంటానా, ఐడహో రాష్ట్రాల పిల్లలను చేర్చుకుని, వాళ్ళ రాష్ట్రాలలోనే కొంత చదువు చెప్పే పద్ధతి పెట్టింది. 1972లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం డులూత్‌లో, చిన్న ఊళ్ళకు డాక్టర్లను తయారుచేయడానికే ఒక స్కూలు తెరిచింది. 1974లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ కాలేజీ, నగరం నడిబొడ్డున ఉంటూనే, పల్లెలలో పుట్టి పెరిగిన పిల్లలకు ప్రత్యేకంగా కొన్ని సీట్లు కేటాయించింది. 2011లో కాన్సస్ విశ్వవిద్యాలయం సలీనా అనే ఊళ్ళో ఎనిమిదిమంది విద్యార్థులతో తరగతి మొదలుపెట్టింది. మన సంక్రాంతి ముగ్గుల పోటీకి అంతకన్నా ఎక్కువమంది వస్తారు!

ఫలితం ఏమిటంటారా? జెఫర్సన్ కాలేజీలో డాక్టర్ హోవర్డ్ రాబినోవిట్జ్ ఆ విద్యార్థులను దశాబ్దాలపాటు గమనించి రాశారు. పల్లెలో పెరిగినవాళ్ళు, ముందే పల్లె వైద్యం చేయాలనుకున్నవాళ్ళు, మిగతా సహాధ్యాయులకన్నా పలురెట్లు ఎక్కువగా పల్లెలలో స్థిరపడ్డారు. పల్లె పిల్లలను చేర్చుకోండి, నగరం వెలుపల కాలేజీలు పెట్టండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో దేశాలన్నింటికీ సూచించింది. అయితే కాలేజీ ఎక్కడున్నది అన్నదొక్కటే అన్నీ తేల్చదు. మనిషి ఎక్కడ పెరిగాడు, రెసిడెన్సీ ఎక్కడ చేశాడు అన్నవీ అంతే ముఖ్యం. రెసిడెన్సీ చేసిన రాష్ట్రంలోనే సగానికి పైగా డాక్టర్లు ఉండిపోతారు.

మన వంతు

ఇక సిగ్గు సంగతి. అమెరికా జనాభాలో అయిదోవంతు పల్లెలలో ఉంటే, డాక్టర్లలో పదోవంతు మాత్రమే అక్కడున్నారు. ఆ ఖాళీ నింపిన వాళ్ళలో మనమూ ఉన్నాం. 1965 వలస చట్టంతో మన పెద్దలు వచ్చారు. 1976లో డాక్టర్ల కొరత తీరిపోయిందని చట్టంలో రాసి తలుపు బిగించారు. కానీ పల్లెల్లో కొరత తీరలేదు. 1994లో నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరిట వచ్చిన పథకం ప్రకారం, జె-1 వీసా డాక్టరు మూడేళ్ళు డాక్టర్లు లేని చోట పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్ళనక్కరలేదు. మొదట రాష్ట్రానికి ఏడాదికి 20 మంది, తరువాత 30 మంది.

అలా 2006లో నేను రెండేళ్ళ పాపతో ఒక చిన్న ఊరు చేరాను. కందిపప్పు కోసం రెండు గంటలు కారు నడిపేవాళ్ళం. కానీ మంచు పడితే చెప్పకుండానే వచ్చి మా వాకిలి శుభ్రం చేసే పొరుగువాళ్ళుండేవారు. మూడేళ్ళు నిండిన మరుసటి నెలలోనే, పిల్ల చదువు, గుడి, తెలుగు బడి అనుకుంటూ ఈ సబర్బుకు వచ్చేశాం. చివరి రోజు ఒక ముసలి రైతు నా చేయి పట్టుకుని "మీ తరువాత ఎవరొస్తారు డాక్టర్?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. మా కోనసీమలో మా ఊరి ఆరోగ్య కేంద్రం ముందు నిలబడిన వాళ్ళకూ నేను ఆ జవాబు చెప్పకుండానే వచ్చాను. ఒక జీవితంలో రెండు పల్లెలకు బాకీ పడ్డాను.

ఇది మనల్ని మనం నిందించుకోవడానికి చెప్పడం లేదు. బిడ్డల కోసం చేసిందే అందరం చేశాం. పాత కాలేజీలకు పూర్వ విద్యార్థులు ఇక్కడి నుంచి పంపిన విరాళాలూ తక్కువేమీ కావు. కానీ పల్లె కాలేజీ అనగానే మూతి విరిచే ముందు, ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకోవాలి.

అమ్మాయి మాట

మా అమ్మాయికి రెండు వైపులా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నగరంలో అరుదైన జబ్బులు చూస్తావు. పరిశోధన చేయవచ్చు. పేరున్న ప్రొఫెసర్ల సిఫారసు దొరుకుతుంది. 2022 నుంచి స్టెప్ 1 పరీక్షకు మార్కులు లేవు, పాసా ఫెయిలా అంతే. కనుక పోటీ ఎక్కువున్న స్పెషాలిటీలకు ఆ పేరు, ఆ పరిశోధన పనికొస్తాయి. చిన్న ఊళ్ళో రెసిడెంట్లు, ఫెలోలు తక్కువ కనుక కాన్పులోనూ, ఆపరేషన్‌లోనూ సర్జన్ పక్కన నిలబడేది నువ్వే. గర్భిణిగా చూసిన తల్లినే బిడ్డతో మళ్ళీ చూస్తావు. ఒంటరితనం ఉంటుంది. పప్పు కోసం దూరం వెళ్ళాలి.

అంతా విని, "నాన్నా, ఆ ఊళ్ళో మన వాకిట్లో మంచు తీసిన తాతగారు నాకింకా గుర్తున్నారు," అంది. ఆగస్టులో ఆ మొక్కజొన్న చేల ఊరికే వెళ్ళింది. మా శ్రీమతి కళ్ళు తుడుచుకుంటూనే ఆవకాయ జాడీ కట్టి ఇచ్చింది.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాలలోనూ ఇదే ప్రశ్న ఇంటింటా ఉంది. 2022 నుంచి తెలంగాణలో వనపర్తి, మహబూబాబాద్, జనగామ వంటి ఊళ్ళలో, 2023లో ఆంధ్రలో విజయనగరం, మచిలీపట్నం, నంద్యాల వంటి ఊళ్ళలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మీ మేనల్లుడో, అన్నగారి అమ్మాయో ఫోన్ చేసి "ఏది తీసుకోమంటారు?" అని అడిగితే, ర్యాంకుతో పాటు ఇంకొక ప్రశ్న కూడా అడగండి. రేపు ఎవరికి వైద్యం చేయాలనుకుంటున్నావు, అని. దానికి జవాబు తెలిస్తే, కాలేజీ ఏదో ఆ బిడ్డే తేల్చుకుంటుంది.