రేవుకు తిరిగొస్తున్న చిప్పలు

న్యూయార్క్ రేవులో తినడానికి పనికొచ్చే ఆల్చిప్పల మడుల్లో చిట్టచివరిది 1927లో మూతపడింది. 2027తో దానికి నూరేళ్లు నిండుతాయి. అదే రేవుకు మరో గడువు కూడా ఉంది. 2035 నాటికి ఆ నీళ్లలో 100 కోట్ల ఆల్చిప్పల్ని మళ్లీ బతికిస్తామని 2014లో కొందరు మాటిచ్చారు. ఆ మాట కోసం బడిపిల్లలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, రిటైరైన పెద్దలు చేతులకు తొడుగులు వేసుకుని ఖాళీ చిప్పలు ఏరుతున్నారు, ఇనుప తీగ బుట్టల్లోకి ఎత్తుతున్నారు. వీళ్లలో ఎవరికీ జీతం లేదు. తాము పెంచుతున్న ఆల్చిప్ప ఒక్కటి కూడా తమ కంచంలోకి రాదని తెలిసే చేస్తున్నారు.

చిప్పలు ఎందుకు ఏరుతున్నారో అర్థం కావాలంటే ఆల్చిప్ప బతుకు కాస్త తెలియాలి. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల రెండు మూడు వారాలు నీళ్లలో తేలుతూ తిరుగుతుంది. ఆ తర్వాత దానికి గట్టి ఆధారం దొరికి తీరాలి. దొరికితే అతుక్కుని జీవితమంతా అక్కడే గడుపుతుంది. బురదలో పడితే చచ్చిపోతుంది. ఆ ఆధారాల్లో దానికి అన్నిటికన్నా నచ్చేది మరో ఆల్చిప్ప పెంకే. తాతల పెంకుల మీద తండ్రులు, తండ్రుల మీద పిల్లలు పేరుకుని నీటి అడుగున దిబ్బలు లేస్తాయి. ఆ దిబ్బల సందుల్లో చేపలు, పీతలు, రొయ్యలు కాపురం పెడతాయి. అన్నీ అనుకూలిస్తే ఎదిగిన ఒక్కో ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల దాకా నీళ్లు వడకడుతుంది. చిప్పను బయటికి తీసి తిరిగి వెయ్యకపోతే తర్వాతి తరానికి నిలవ నీడ ఉండదు. న్యూయార్క్ దాదాపు మూడు వందల ఏళ్లు చేసింది అదే.

అంతకుముందు వేల ఏళ్లు ఇక్కడి మూలవాసులైన లెనాపె ప్రజలు ఈ ఆల్చిప్పల్ని తిన్నారు. వాళ్లు వదిలిన చిప్పల కుప్పలు హడ్సన్ నది పొడుగునా తవ్వకాల్లో బయటపడ్డాయి. 1609లో హెన్రీ హడ్సన్ ఓడ వచ్చేనాటికి ఈ నీళ్లలో 2,20,000 ఎకరాల మేర ఆల్చిప్పల దిబ్బలు ఉండేవని అంచనా. 1624లో డచ్చివాళ్లు వచ్చారు, 1664లో ఊరు ఆంగ్లేయుల చేతికి పోయింది. ఎవరొచ్చినా ఆల్చిప్పలు తినడం మాత్రం మానలేదు. అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాలు స్వేచ్ఛా ప్రతిమ ముందు ఫోటో దిగకుండా రావు కదా, ఆ విగ్రహం నిలబడ్డ దీవిని డచ్చివాళ్లు పెద్ద ఆయిస్టర్ దీవి అన్నారు. పక్కనున్న ఎల్లిస్ ఐలాండ్ చిన్న ఆయిస్టర్ దీవి. మాన్‌హట్టన్‌లోని పెర్ల్ స్ట్రీట్ ఒకప్పుడు నీటి ఒడ్డు. అక్కడి చిప్పల కుప్పల వల్లే ఆ పేరు వచ్చింది. తిన్న చిప్పలు రోడ్ల కిందికి, పూడ్చిన నేల కిందికి పోయాయి. మిగిలినవి బట్టీల్లో కాలి గుల్లసున్నమై గోడల్లో చేరాయి.

19వ శతాబ్దానికి వస్తే, ఈ చరిత్రలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి కనిపిస్తాడు. పేరు థామస్ డౌనింగ్.

వర్జీనియాలో సముద్రపు ఒడ్డునున్న షింకోటీగ్ దీవిలో 1791లో పుట్టాడు. తల్లిదండ్రులు బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాళ్లు. ఆటుపోట్లు చూసుకుని బురదలో ఆల్చిప్పలు తీయడం చిన్నప్పుడే నేర్చాడు. కొన్నాళ్లు ఫిలడెల్ఫియాలో ఉండి, 1819లో భార్యతో న్యూయార్క్ చేరాడు. చిన్న పడవ ఒకటి కొనుక్కుని, హడ్సన్ దాటి న్యూజెర్సీ వైపు దిబ్బల్లో ఆల్చిప్పలు తీసి అమ్మేవాడు. న్యూయార్క్‌లో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1827లో. ఈ లోపే స్వతంత్రులైన నల్లవాళ్లు చాలామంది ఈ వృత్తిలో నిలదొక్కుకున్నారు. పడవ, పొడుగు కర్రల పట్టుకారు, కండబలం ఉంటే చాలు, ఎవరి కిందా పనిచెయ్యక్కర్లేదు.

ఆ రోజుల్లో మన వీధి చివరి మిరపకాయ బజ్జీల బండిలా న్యూయార్క్‌లో ప్రతి మలుపులో ఆల్చిప్పల కొట్టు ఉండేది. నేలమాళిగల్లో నడిచే కొట్లలో ఆరు సెంట్లిస్తే కడుపు నిండా తినొచ్చు. వాటికి పెద్ద మర్యాద ఉండేది కాదు, తాగుబోతుల అడ్డాలని పేరు. 1825లో డౌనింగ్ బ్రాడ్ స్ట్రీట్ 5వ నంబరు ఇంట్లో తన కొట్టు తెరిచి ఆ పేరు చెరిపేశాడు. నిలువుటద్దాలు, తివాచీలు, ఖరీదైన తెరలు, షాండిలియర్ పెట్టాడు. వాల్ స్ట్రీట్ బ్యాంకర్లు, వ్యాపారులు, రాజకీయ నాయకులు అక్కడే కలిసేవారు. భర్తలతో కలిసి ఆడవాళ్లు కూడా రాగలిగిన ఆల్చిప్పల కొట్టు అది. ఆల్చిప్పలు కూరిన టర్కీ కోడి దాని ప్రత్యేకత. పదేళ్ల తర్వాత రెండు పక్కల ఇళ్లు కూడా కలుపుకున్నాడు.

సరుకు విషయంలో ఆయన తెలివిని కొడుకు జార్జ్ తర్వాత రాసిపెట్టాడు. తెల్లవారుజామున చీకట్లోనే పడవేసుకుని, రేవుకొస్తున్న ఓడలకు ఎదురెళ్లి, మేలైన సరుకు ముందే కొనేసేవాడు. తర్వాత ఒడ్డుకొచ్చి, ఏమీ ఎరగనట్టు వేలంలో నిలబడి మిగిలిన సరుకు ధర పెంచేవాడు. ఓడ కెప్టెన్లకు మంచి ధర వచ్చేది. అందుకే తర్వాతిసారి కూడా మంచి సరుకు ఆయనకే దక్కేది. ఆల్చిప్ప మంచిచెడ్డలు చేతిస్పర్శతో తెలిసిన మనిషికే సాధ్యమైన వ్యాపారం అది. ఆయన ఊరవేసిన ఆల్చిప్పలు వెస్టిండీస్ దాకా వెళ్లాయి. విక్టోరియా రాణికి పంపితే ఆమె బంగారు గడియారం కానుకగా పంపింది. 1842లో చార్లెస్ డికెన్స్ గౌరవార్థం ఊరు చేసిన భారీ విందుకు వంట ఏర్పాట్లూ ఆయనవే.

పై అంతస్తులో తెల్ల దొరలు భోంచేస్తుంటే, కింద నేలమాళిగలో దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలు దాక్కునేవారు. కెనడా దారి పట్టేదాకా వాళ్లకు అదే ఆశ్రయం. పట్టుబడితే ఆస్తి, పరువు రెండూ పోయేవి. ఆ భయం ఆయన్ని ఆపలేదు. 1836లో నగరంలో బానిసత్వ వ్యతిరేక సంఘం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. నల్లపిల్లల బడుల కోసం నిలబడ్డాడు. ఒకసారి గుర్రాలు లాగే రైలుబండి ఎక్కితే దిగమని కొట్టారు, కోర్టుకెళ్లాడు.

1866 ఏప్రిల్ 9న, అధ్యక్షుడు వీటో చేసినా లెక్కచెయ్యకుండా, అమెరికా కాంగ్రెస్ పౌరహక్కుల చట్టాన్ని గట్టెక్కించింది. నల్లవాళ్లు అమెరికా పౌరులని చెప్పిన చట్టం అది. మర్నాడు, ఏప్రిల్ 10న, డౌనింగ్ చనిపోయాడు. ఆయన గౌరవార్థం అంత్యక్రియల రోజు న్యూయార్క్ చాంబర్ ఆఫ్ కామర్స్ మూసేశారు. ఆ రేవు చరిత్ర రాసే ఎవరైనా ముందు ఈ పేరు చెప్పాలని నా అభిప్రాయం.

డౌనింగ్ బతికుండగానే దిబ్బలు తరగడం మొదలైంది. స్టాటెన్ ఐలాండ్ చుట్టూ సహజంగా పెరిగినవి అయిపోతే, చెసపీక్ అఖాతం నుంచి పిల్ల ఆల్చిప్పల్ని తెచ్చి మడుల్లో పెంచారు. ఆ అఖాతం వైపు నుంచే వలసొచ్చిన నల్లజాతి జాలర్లు ఆ దీవిలో శాండీ గ్రౌండ్ అనే ఊరే కట్టుకున్నారు. తర్వాత న్యూయార్క్ మురుగు మొత్తం రేవులోకి వచ్చింది. ఆల్చిప్ప నీళ్లతోపాటు రోగాన్నీ వడకడుతుంది. ఒకదాని తర్వాత ఒకటిగా టైఫాయిడ్ కేసులు వాటి మీదికి వచ్చాయి. 1924-25లో పెద్ద నగరాల్ని వణికించిన టైఫాయిడ్‌కు కూడా పక్కనున్న లాంగ్ ఐలాండ్ నుంచి వెళ్లిన ఆల్చిప్పలే కారణమని తేలింది. మడులు వరసగా మూశారు. శాండీ గ్రౌండ్ కుటుంబాలు వేరే పనులు వెతుక్కున్నాయి.

1972లో జాతీయ స్వచ్ఛజల చట్టం వచ్చాక రేవు మెల్లగా ఊపిరి పోసుకుంది. 2003లో బ్రూక్లిన్‌లో హార్బర్ స్కూల్ అనే ప్రభుత్వ హైస్కూలు పెట్టారు. 2010లో అది రేవు మధ్యనున్న గవర్నర్స్ ఐలాండ్‌కు మారింది. అక్కడి పిల్లలు పడవ నడపడం, నీటిలో దూకి పనిచెయ్యడం, ఆల్చిప్పలు పెంచడం చదువులో భాగంగా నేర్చుకుంటారు. స్కూలుకు పునాది వేసిన మర్రీ ఫిషర్, ఆల్చిప్పల రైతు కుటుంబంలో పుట్టిన పంతులు పీట్ మలినోవ్‌స్కీ కలిసి 2014లో బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. రెస్టారెంట్లు చెత్తలో పారేసే చిప్పల్ని సేకరించి దీవిలో గుట్టలు పోస్తారు. ఏడాదికి తక్కువ కాకుండా ఎండకూ వానకూ వదిలేస్తారు. వాలంటీర్లు వాటిలో చిక్కుకున్న నిమ్మచెక్కలు, ఫోర్కులు ఏరేసి బుట్టలు నింపుతారు. తొట్లలో ఆ చిప్పలకు పిల్ల ఆల్చిప్పలు అతుక్కున్నాక రేవులో దించుతారు. చివరికి చిప్ప తిరిగి నీళ్లలోకి వెళ్తోంది.

ఆల్చిప్పల్ని తిరిగి తెచ్చే కథ ఒకే దారిన నడవలేదు. ఈ ప్రాజెక్టుకు ముందే, 2010లో న్యూజెర్సీ ప్రభుత్వం, కలుషిత నీటి ఆల్చిప్పల్ని ఎవరైనా దొంగిలించి అమ్ముతారన్న భయంతో, తన తీరంలోని కీపోర్ట్ దగ్గర ఇంకో సంస్థ వేసినవన్నీ తీసేయించింది. పెంచేవాళ్లు నౌకాదళం కాపలా ఉండే రేవుకట్ట పక్కకు మకాం మార్చారు. 2016లో న్యూయార్క్‌లోని జమైకా అఖాతంలో నగర అధికారులు దాదాపు 5,000 పాత కమోడ్ల పింగాణీ ముక్కలతో దిబ్బ కట్టారు. 2012 నాటి శాండీ తుపాను దెబ్బ తర్వాత స్టాటెన్ ఐలాండ్ దగ్గర కెరటాల ధాటి తగ్గించే రాతికట్టలు కట్టి, వాటి మీదా ఆల్చిప్పలు పెంచాలని తలపెట్టారు. 2018లో మాన్‌హట్టన్ పడమటి ఒడ్డున 8 అంగుళాలు దాటిన ఆల్చిప్ప దొరికితే పత్రికలు సంబరపడ్డాయి. పెద్ద వాన పడిన ప్రతిసారీ మాత్రం మురుగు పొంగి ఇప్పటికీ రేవులోకే వస్తోంది. అందుకే వాటిని తినడం నిషిద్ధం. మొదటి పదేళ్లలో రేవులో దించినవి 10 కోట్లు దాటాయి, 100 కోట్లకు ఇంకా చాలా దూరం. గడువు తప్పినా ఈ పని ఆగకూడదని నా నమ్మకం, ఎందుకంటే దించిన ప్రతి బుట్టా ఆ నీటికి ఎంతో కొంత మేలు చేస్తుంది.

న్యూయార్క్, న్యూజెర్సీల్లో మన పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లకో మాట చెప్పండి. మాన్‌హట్టన్ దక్షిణ కొస నుంచి గవర్నర్స్ ఐలాండ్‌కు ఫెర్రీలో కొద్ది నిమిషాలే. వాలంటీర్లను పిలిచే రోజుల్లో ఒక పూట వెళ్లి నాలుగు బుట్టలు నింపి రమ్మనండి. చిప్పలు ఏరడానికి డిగ్రీలు అక్కర్లేదు, ఈత రాకపోయినా ఫరవాలేదు.