టర్కీ కోడి పేరు, మన సీమ ఉప్పు

మన హిందూపురం పేరు విని కొత్తవారు ఏవేవో అర్థాలు ఊహిస్తారు. గుత్తి పాలకుడు మురారిరావు తన తండ్రి హిందూరావు పేర ఈ ఊరు కట్టించాడని ప్రతీతి. పేరును బట్టి పుట్టుక చెప్పబోతే పొరపడక తప్పదు. టర్కీ కోడి సంగతీ అంతే.

ఆ పక్షి టర్కీ దేశానిది కాదు. దానిని తొలుత సాకినవారు మెక్సికో ప్రాంతపు ప్రాచీన ప్రజలు. 16వ శతాబ్దం తొలినాళ్లలో స్పెయిన్ వారు దానిని ఐరోపాకు చేర్చారు. అది ఎక్కడిదో తెలియక ఎవరికి తోచిన పేరు వారు పెట్టారు. ఇంగ్లీషువారికి అది టర్కీ. టర్కీవారికి మాత్రం 'హిందీ', అనగా హిందూదేశపుది. ఫ్రెంచివారి పేరులోనూ ఇండియాయే ఉంది. డచ్చివారు కాలికట్ రేవు పేరు తగిలించారు. పోర్చుగీసువారికి అది 'పెరూ'.

1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుండి తెచ్చిన వింత జంతువులలో ఈ పక్షిని చూసి జహంగీరు చక్రవర్తి అబ్బురపడ్డాడు. దాని తల, మెడ క్షణక్షణానికీ రంగులు మార్చడాన్ని తన చరిత్రలో రాసుకుని, చిత్రం కూడా గీయించాడు. మన్సూర్ గీసినదిగా చెప్పే టర్కీ కోడి చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అంతకు ముందే, సుమారు 1520లో, విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడ ఒక పణానికి మూడు కోళ్లు, నగరం వెలుపల నాలుగు ఇచ్చేవారని రాశాడు. 1565 యుద్ధం తరువాత ఆ రాజ్యానికి రాజధాని అయినది మన పెనుకొండే. కోళ్లు మనకు కొత్త కాదు. అయితే పెనుకొండలోనైనా ధర్మవరంలోనైనా కోడి అంటే ముక్కలు కోసి పులుసు పెట్టి, సంగటిలోకి వడ్డించడమే.

టర్కీని అలా కాక మొత్తంగా కాలుస్తారు. అమెరికాలో నవంబరు నాలుగవ గురువారం జరిగే థాంక్స్ గివింగ్ విందుకు అదే ప్రధానం. పిల్లల దగ్గరకు వెళ్లిన మనవారు పలువురు ఆ వంట చూసే ఉంటారు. చిక్కేమిటంటే, తొడ ఉడికేలోగా కొవ్వు లేని రొమ్ము మాంసం ఎండిపోతుంది. అందుకే లీటరు నీటికి సుమారు 60 గ్రాముల ఉప్పు కలిపి, కోడిని అందులో ముంచి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచుతారు. ఉప్పు మాంసకృత్తులను సడలించి, అవి నీటిని పట్టి ఉంచేటట్లు చేస్తుంది. మర్నాడు తడి తుడిచి ఓవెన్‌లో పెడితే, 5 కిలోల కోడికి సుమారు మూడు గంటలు పడుతుంది. లోపలి వేడి 74 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరాలి. కొన్ని కోళ్లకు అంగడిలోనే ఉప్పునీరు ఎక్కించి ఉంటారు. వాటిని మళ్లీ నానబెట్టకూడదు. రక్తపోటు ఉన్న మనబోటివారు ఇది గుర్తుంచుకోవాలి.

పది లీటర్ల నీటికి 600 గ్రాముల ఉప్పు! పని కాగానే ఆ నీళ్లు పారబోస్తారు. ఒకప్పుడు మన సీమలో చౌడు మట్టిని నీటితో కడిగి, ఆ నీటి నుండి ఉప్పు తీసేవారు. ఉప్పరులకు ఆ పేరు ఈ వృత్తి వల్ల వచ్చినదే. 1805లో కుంపిణీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తసొత్తు చేసుకుంది. 19వ శతాబ్దం ముగిసేలోగా దత్తమండలాల్లో మట్టి ఉప్పు తయారీని సర్కారు అణచివేసింది. కాళ్ల కింది మట్టి నుండి చిటికెడు ఉప్పు తీసుకోవడం నేరమైంది. 1930లో ఉప్పు సత్యాగ్రహం నడిచింది. పన్ను రద్దయినది 1947లో.

మన దేశం పేరు మోసిన పక్షి మనది కాదు. మన నేలలో పుట్టిన ఉప్పు మనది కాకుండా పోయిన కాలం ఉంది. ఈ రెండు సంగతులూ మనుమలకు చెప్పవలసినవారు మనమే.