కోహీర్‌కో మ్యూజియం కడితే

కోహీర్ అనగానే మనకి జామపండే గుర్తొస్తుంది. ఆ తోటల కింది ఎర్రమన్ను మాత్రం సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొంగిన లావా రాయి చివికి ఏర్పడిందే. అలాంటి ఊళ్ళో ప్రకృతి చరిత్ర మ్యూజియం కడితే అందులో ఏం పెడతారు చెప్పండి?

హైదరాబాదు బిర్లా మ్యూజియంలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం ఉంది. 1988లో పి. యాదగిరిగారు దానికా పేరు పెట్టారు. పిల్లలు నోరెళ్ళబెట్టి చూస్తారు. కోహీర్ వాళ్ళకి ఎముకల కోసం వెతుకులాట అక్కర్లేదు లెండి.

జహీరాబాదు పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలే, జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది విత్తనాలని బూడిదా వేపాకూ కలిపి బుట్టల్లో దాచారు. సంక్రాంతి వచ్చిందంటే వాటిని ఎడ్లబండ్ల కెక్కించి ఊరూరా పాతపంటల జాతర! 2019లో ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

అద్దాల బీరువాలో ఎముకకేం, ఎన్నాళ్ళైనా ఉంటుంది. గింజని మాత్రం ఏళ్ళతరబడి చల్లకుండా ఉంచితే ఇక మొలవదు. ఆ రకమే పోతుంది. అందుకే మ్యూజియం కడితే వెనకాల రెండెకరాల చేను ఉండాలంటాను. బుట్ట అలకడం తెలిసిన అవ్వకి నెలజీతం కూడానూ.