ఎండ యను మాట

నా స్వగ్రామము అల్లవరము. కొబ్బరితోటల నీడలో పెరిగినవాడు ఎండను గూర్చి యేమి చెప్పగలడని మీరు నవ్వవచ్చును. నీడ నెరిగినవానికే ఎండ తెలియునని నా మనవి.

సంస్కృతమున ఆతపమనునది తమిళులకు వెయిల్, కన్నడిగులకు బిసిలు, మనకు ఎండ. సూర్యుని వెలుగు, వేడిమి రెండును ఈ యొక్క మాటలో నిమిడియున్నవి. ఉదయమున లేయెండ, మధ్యాహ్నమున మండుటెండ, సాయంకాలమున నీరెండ. ఎండుట యను క్రియయు దీని తోబుట్టువే.

చెరువు ఎండును, పైరు ఎండును, తుదకు కడుపు ఎండును. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వానలు తప్పి వచ్చిన కరువున మన పూర్వు లీ మూడింటిని వరుసగా చూచిరి. గుంటూరు సీమ పాడువడెను. గోదావరి సీమయు బాధపడెను. తరువాత కాటన్ దొర 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట ప్రారంభించి 1852లో ముగించెను. బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినదియు ఆ 1852లోనే. మాట యర్థము పుస్తకమున కెక్కిన యేటనే, కాలువ నీటితో ఆ మాట మన సీమలో అర్థము మార్చుకొనసాగెను. క్రింద నీరున్న చేనికి పైయెండ శత్రువు గాదు. గింజను ముదిర్చి పండించు చుట్టము.

అయినను ఎండను మనుష్యుడే శిక్షగా వాడిన కాలమును గలదు. శిస్తు చెల్లింపలేని రైతును ఎండలో నిలబెట్టు వాడుక చెన్నరాజధానిలో నుండెనని 1855 నాటి విచారణ సంఘపు నివేదిక యొప్పుకొన్నది.

మా యిండ్లలో కొబ్బరికాయలను అటకపై నెలల తరబడి నిలువయుంచగా లోనికొబ్బరి కురిడీ యగును. ఎండ సోకకయే యెండిన దానిని ఎండుకొబ్బరి యందుము. అనగా మాట సూర్యుని విడిచియు బ్రదుకగలదు. అన్యాయమును నలుగురిలో బయలుపరచుటను ఎండగట్టుట యనుటయు నట్టిదే.

2011 సార్వాలో కోనసీమ రైతులు, మురుగు కదలదనియు, గిట్టుబాటు లేదనియు, ఎన్నో గ్రామములలో నాట్లు మానిరి. ఆ యేటి యెండ బీడుచేలపై గాచెను. తప్పు ఎండది గాదు.

కావున ఎండలు మండుచున్నవని యెవరైన ననునపుడు రెండు ప్రశ్న లడుగుడు: దాని క్రింద నీరున్నదా? దానిలో నిలిచినవా డెవడు? ఈ మాట చరిత్ర యంతయు నా రెండింటిలో నున్నది.